పశువు, మృగం, పునరావాసం: బొర్రా నేపథ్యంలో వన్యప్రాణి రక్షణ భావన – ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

గాయపడిన అడవి జంతువును కాపాడి, కోలుకున్న తరువాత తిరిగి అడవికి చేర్చడం నేడు ఒక శాస్త్రంగా, చట్టబద్ధమైన బాధ్యతగా గుర్తింపు పొందింది. తెలుగు నేలమీద ఈ భావన ఏయే దశలు దాటి వచ్చిందో బొర్రా గుహల స్థలకథ, శాసనాలు, కావ్యాలు, మన్యంలోని ఇంటిపేర్లు, చట్టాలు, ఇటీవలి సంఘటనల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. రక్షణ, పునరావాసం అనే రెండు మాటలను మనం ఒక్కటిగా వాడుతున్నా చరిత్రలో మొదటిది మాత్రమే వేళ్ళూనుకుందని, రెండవది ఇంకా మాటగానే మిగిలి ఉందని ఇందులోని ప్రతిపాదన.

కీలక పదాలు: బొర్రా, స్థలకథ, గజేంద్రమోక్షం, వంశ చిహ్నాలు, వన్యప్రాణి చట్టం, పునరావాసం.

1. ఉపోద్ఘాతం

అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలోని బొర్రా గ్రామం సున్నపురాతి గుహలకు ప్రసిద్ధి. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున, విశాఖపట్నానికి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ గుహల పైభాగం మీదుగా కొత్తవలస – కిరండూల్ రైలుమార్గం వెళుతుంది. గుహల్లోంచి గోస్తనీ నది ప్రవహిస్తుంది. గబ్బిలాలకూ తూర్పు కనుమల ప్రత్యేకత అయిన బంగారు బల్లికీ ఈ గుహలు నివాసం. చుట్టుపక్కల కొండలలో ఎలుగుబంటి, చిరుతపులి, కొండగొర్రె, అలుగు, గిరినాగు వంటి జీవులు మనుషులకు చేరువలోనే బతుకుతున్నాయి. ఉచ్చు, విద్యుత్ తీగ, ఘాట్ రోడ్డు, రైలు పట్టాలు, పోడు మంట వాటిని గాయపరిచే కారణాలు. అలా గాయపడిన జంతువు ఎవరిది? దాన్ని ఎవరు ముట్టుకోవాలి? కోలుకున్నాక అది ఎక్కడికి వెళ్ళాలి? ఈ మూడు ప్రశ్నలకు కాలక్రమంలో వచ్చిన సమాధానాలే ఈ వ్యాసానికి వస్తువు.

2. బొర్రా స్థలకథ: వెతికిన పశువు

బొర్రా గుహలను 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ కనుగొన్నాడని పర్యాటక రచనలు విస్తారంగా చెబుతున్నాయి. ఆ సంస్థ ఏర్పడింది 1851లో. కనుక ఈ వాక్యంలో సంవత్సరమో, సంస్థ ప్రస్తావనో పొరపాటు కావాలి. రాతలో ఉన్న చరిత్ర ఇలా తడబడుతూ ఉంటే, నోటిమాటగా వచ్చిన కథ మాత్రం నిలకడగా ఉంది. మేతకు వెళ్ళిన ఆవు గుహ కప్పులోని రంధ్రంలోంచి లోపలికి పడిపోయింది. దాన్ని వెతుక్కుంటూ పశువుల కాపరి గుహలోకి దిగాడు. లోపల లింగాకారంలో ఉన్న రాయి కనిపించింది. ఆవును కాపాడింది ఆ శివుడేనని అతడు భావించాడు. అక్కడ పూజ మొదలైంది. గోవు పొదుగు నుంచి వచ్చినదన్న భావనతో నదికి గోస్తని అనే పేరు స్థిరపడింది.

స్థలపురాణాల్లో ఆవు లింగాన్ని బయటపెట్టడం కొత్త సంగతి కాదు. అనేక శైవక్షేత్రాల కథల్లో ఆవు పుట్టమీద పాలు కురిపిస్తుంది. కాని బొర్రా కథలో ఆవు పాలు కురిపించి దారి చూపలేదు, ప్రమాదంలో పడింది. కథను ముందుకు నడిపినది ఆ ప్రమాదమూ, దాని కోసం ఒక మనిషి చీకట్లోకి దిగడమూ. ఈ గుహ మానవ స్మృతిలోకి ప్రవేశించినదే ఒక జంతు రక్షణ ప్రయత్నం ద్వారా అన్నమాట. అయితే ఆ కాపరి వెతికింది తన మందలోని ఆవును. లెక్క తగ్గితే ఇంటికి వెళ్ళి జవాబు చెప్పుకోవలసిన ఆవును. అదే రంధ్రంలో కొండగొర్రె పడి ఉంటే ఎవరైనా దిగి ఉండేవారా అన్న ప్రశ్న కథలో లేదు. ఆ ప్రశ్న లేకపోవడమే మన పరిశీలనకు మొదలు.

3. రెండు మాటలు: పశువు, మృగం

సంప్రదాయ వ్యుత్పత్తి ప్రకారం పశువు అంటే పాశంతో కట్టబడినది. మృగం అంటే వెతకబడేది, అంటే వేటాడబడేది. రెండింటినీ మనిషి వెతుకుతాడు. మొదటిది తప్పిపోతే కాపాడడానికి, రెండవది కనిపిస్తే చంపడానికి. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన ఈ జంటపదాల్లోనే జంతువు పట్ల సమాజం పాటించిన రెండు న్యాయాలు దాగి ఉన్నాయి.

జంతు చికిత్సకు సంబంధించిన ప్రాచీన ఆధారాలను ఈ దృష్టితో చూడాలి. అశోకుని రెండవ శిలాశాసనం మనుషులకూ పశువులకూ రెండు విధాల చికిత్స ఏర్పాటు చేసిన సంగతిని, మందుమొక్కలు లేనిచోట్ల వాటిని తెప్పించి నాటించిన సంగతిని, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించిన సంగతిని చెబుతుంది. ఈ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ, బొర్రాకు ఉత్తరాన గంజాం జిల్లా జౌగడలోనూ ఉంది. కళింగ యుద్ధం జరిగిన సీమలోనే ఈ శాసనాన్ని చెక్కించడం గమనార్హం. అయినా శాసనంలో ఉన్నది 'పశుచికిత్స'. బావినీ, చెట్టునీడనూ దారిన పోయే మనుషులతో పాటు అనుభవించే పశువులే ఇక్కడ ప్రధానంగా కనిపిస్తాయి. మొదటి శిలాశాసనం వంటశాల కోసం జరిగే వధను తగ్గించిన సంగతి చెబుతూ, రెండు నెమళ్ళనూ ఒక జింకనూ ఇంకా చంపుతున్నామని దాచకుండా ఒప్పుకుంటుంది. అడవి ప్రాణి పట్ల నాటి కరుణ చంపడాన్ని తగ్గించే దాకా వచ్చింది. గాయపడిన దాన్ని వెతికి చికిత్స చేయడమన్నది అందులో లేదు.

తరువాతి శాస్త్ర వాఙ్మయం కూడా ఈ గీత దాటలేదు. పాలకాప్యుని పేరుమీద ఉన్న హస్త్యాయుర్వేదం ఏనుగుల రోగాలను విస్తారంగా చర్చిస్తుంది. తెలుగులో మనుమంచి భట్టు అశ్వశాస్త్రాన్ని రచించాడు. ఈ గ్రంథాల్లోని ఏనుగు గజశాలలోనిది, గుర్రం సైన్యంలోనిది. కట్టుకొయ్య ఉన్నచోటే వైద్యం ఉంది.

4. కావ్యాలలో రక్షణ

ప్రబంధాల్లో అడవి జంతువు ఎక్కువగా వేట వర్ణనల్లో కనిపిస్తుంది. అల్లసాని పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేట ఘట్టం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఆ వర్ణనల్లో గాయం వేటగాని నైపుణ్యానికి గుర్తు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో సాలెపురుగు, పాము, ఏనుగు శివసాయుజ్యం పొందుతాయి. అవి జంతువులుగా కాపాడబడలేదు, జంతు జన్మ నుంచి విడుదలయ్యాయి.

ఈ నేపథ్యంలో పోతన గజేంద్రమోక్షాన్ని మళ్ళీ చదవవలసి ఉంది. భాగవతం అష్టమస్కంధంలోని ఈ కథను తెలుగువారు భక్తికి, శరణాగతికి నిదర్శనంగా చదువుతూ వచ్చారు. అది సహజమే. అయితే అది నీటిలో చిక్కి గాయపడిన ఒక అడవి జంతువును కాపాడిన కథ కూడా. త్రికూట పర్వత ప్రాంతంలో మందతో తిరిగిన ఏనుగు దాహంతో మడుగులో దిగుతుంది. మొసలికి చిక్కుతుంది. పోరు సాగినంత కాలం ఆడ ఏనుగులు ఒంటరిగా వదిలి పోలేక ఒడ్డునే నిలిచిపోయి చూస్తూ ఉంటాయి. విష్ణువు వచ్చి మకరిని వధించి కరిని ఒడ్డుకు చేరుస్తాడు.

మూలకథ లక్ష్యం ఇక్కడి నుంచి మోక్షం వైపు నడవడం. గజేంద్రుడు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్నుడు, మొసలి హూహూ అనే గంధర్వుడు. ఇద్దరికీ శాపం తీరాలి. కాని పోతన ఆ తొందరలో కూడా కాసేపు ఆగాడు. హరి చేయి తాకగానే బాధ తీరిన ఏనుగు తన ఆడ ఏనుగుల నడుమ ఘీంకరించడాన్ని, తిరిగి వాటిని తొండంతో మెల్లగా నిమిరి ఆదరించడాన్ని వర్ణించాడు. నేటి వన్యప్రాణి శాస్త్రం రక్షణకు పెట్టుకున్న చివరి కొలమానం ఇదే: జంతువు బతికిందా అన్నది ఒక్కటే చాలదు, తన గుంపు దాన్ని తిరిగి చేర్చుకుందా అన్నది కూడా చూడాలి. పోతనకు ఈ శాస్త్రం తెలుసునని ఇక్కడ చెప్పడం లేదు. మందలోకి తిరిగి చేరకపోతే ఆ రక్షణ పూర్తి కాలేదన్న స్పృహ ఆయన వర్ణనలో ఉందని మాత్రమే ప్రతిపాదన. ఆ వెంటనే కథ మోక్షానికి వెళ్ళిపోయింది. మన స్మృతిలో కూడా మోక్షమే మిగిలి, మందను చేరిన క్షణం మరుగున పడింది.

ఆధునిక సాహిత్యంలో డాక్టర్ కేశవరెడ్డి నవల 'అతడు అడవిని జయించాడు' ఈ సమస్యను మరో వైపు నుంచి తాకింది. ఈనడానికి అడవిలోకి వెళ్ళిన పందిని వెతుక్కుంటూ పోయిన ముసలివాణ్ణి ఆ పందే దగ్గరకు రానివ్వదు. అది అతడు పెంచిన జంతువే. అయినా అడవిలో, పిల్లల దగ్గర ఉన్నప్పుడు అది అతడిని కాపాడవచ్చినవాడిగా గుర్తించదు. పశువు మృగంగా మారే ఆ గీతమీద నిలబడిన నవల ఇది. కాపాడబోయేవాడు జంతువు కళ్ళకు శత్రువుగా కనిపిస్తాడన్నది రక్షణ కార్యంలో పనిచేసేవారందరికీ మొదటి పాఠం.

5. కొండ ఇంటిపేర్లు

మైదాన వాఙ్మయం మృగాన్ని వేట వస్తువుగానో మోక్షార్హమైన ఆత్మగానో చూస్తే, అరకు ప్రాంత ఆదివాసుల ఇంటిపేర్లు మరో సంబంధాన్ని చూపుతాయి. భగత, వాల్మీకి, కోటియా మొదలైన తెగలలో కనిపించే వంశనామాల్లో కిల్లో అంటే పులి, వంతాల అంటే పాము, గొల్లోరి అంటే కోతి, పాంగి అంటే గద్ద. ఆయా వంశాలవారు తమ చిహ్నమైన ప్రాణిని గౌరవించడం సంప్రదాయం. ఇక్కడ జంతువు ఆస్తి కాదు, వేట వస్తువూ కాదు, చుట్టం.

దీన్ని ఆదర్శంగా అలంకరించి చూపడం పొరపాటు. ఇదే కొండలలో చైత్రమాసపు ఇటుకల పండుగలో వేట ఒక ప్రధానమైన ఆచారం. వేట దొరక్కుండా తిరిగి వచ్చిన మగవారిని ఆడవారు ఎగతాళి చేయడం ఆ పండుగలో భాగం. చుట్టరికం, వేట ఒకే సమాజంలో పక్కపక్కనే ఉన్నాయి. అయితే వేటకు ఒక కాలం ఉంది, చిహ్నానికి ఒక నియమం ఉంది. ఏ జంతువును ఎవరు ముట్టుకోకూడదో చెప్పే కట్టుబాటు చట్టం కంటే ముందే ఇక్కడ ఉందన్నది గుర్తించవలసిన విషయం.

6. వెల నుంచి ఆస్తి దాకా

వలస పాలనలో మృగానికి వెల వచ్చింది. పులి, చిరుత, ఎలుగు వంటి జంతువులను చంపి ఆనవాలు చూపినవారికి ప్రభుత్వం బహుమతి సొమ్ము చెల్లించింది. మద్రాసు ప్రభుత్వం 1873లో అడవి ఏనుగుల సంరక్షణకు చట్టం చేసింది. ఏనుగు పనికి వచ్చే జంతువు కావడం ఆ మినహాయింపుకు ఒక కారణం. ఉపయోగం ఉన్నదానికి రక్షణ, లేనిదానికి వెల అన్నది నాటి నీతి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ స్థితిని మార్చింది. ఆ చట్టం నిర్వచనంలో వేట అంటే చంపడమే కాదు, పట్టుకోవడం, గాయపరచడం కూడా. వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అది ఏ విధంగా తన అధీనంలోకి వచ్చినా 48 గంటల్లోగా పోలీసు ఠాణాకు గాని అధికారికి గాని తెలియజేయాలి. ప్రమాదకరమైన జంతువును పట్టుకోవడం, మత్తు ఇవ్వడం, తరలించడం సాధ్యం కాదని తేలినప్పుడే చంపడానికి ఉత్తర్వు ఇవ్వాలన్న నియమం 2002 సవరణతో చేరింది. 'జంతువు ఎవరిది' అన్న పాత ప్రశ్నకు మొదటిసారి స్పష్టమైన జవాబు దొరికింది. అది రాజ్యానిది.

ఈ జవాబు వల్ల మేలు ఎంతో జరిగింది. కాని కొండ గ్రామంలో ఒక చిక్కు మిగిలింది. ఉచ్చులో కాలు చిక్కిన కొండగొర్రెను విడిపించి ఇంటికి తెచ్చినవాడికీ, దాన్ని తినడానికి తెచ్చినవాడికీ మధ్య తేడాను నిర్ణయించేది ఉద్దేశం. ఉద్దేశానికి సాక్ష్యం ఉండదు. ముట్టుకుంటే నేరమవుతుందేమోనన్న భయం, ముట్టుకోకపోతే చస్తుందన్న జాలి మధ్య మనిషి నిలబడిపోతాడు. బొర్రా కాపరికి ఈ సందిగ్ధం లేదు, అతడు వెతికింది తన ఆవును.

7. రక్షణ కేంద్రాలు, తిరుగు దారి

విశాఖపట్నంలో ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల 1977 మే 19న ప్రారంభమైంది. ఎలుగు, కోతి, పులి, చిరుత, సింహాలను ఆటలాడించడాన్ని నిషేధిస్తూ కేంద్రం 1998లో ఇచ్చిన ప్రకటనను సుప్రీంకోర్టు 2001లో సమర్థించింది. సర్కస్‌ల నుంచి విడిపించిన జంతువుల కోసం దేశంలో ఏర్పడిన రక్షణ కేంద్రాల్లో విశాఖ, తిరుపతి కేంద్రాలు ఉన్నాయి. ప్రదర్శనకూ సంతానోత్పత్తికీ కాక కేవలం జీవితకాల ఆశ్రయంగా ఒక జంతువును పోషించడం మన ప్రాంతంలో అప్పటికి కొత్త భావన. అయితే బోనులో పుట్టి పెరిగిన సర్కస్ సింహానికి తిరిగి వెళ్ళడానికి అడవి లేదు. ఆశ్రయమే దానికి చివరి మజిలీ. అడవి జంతువు సమస్య వేరు. దానికి అడవి ఉంది, దారి లేదు.

ఇటీవలి మూడు సంఘటనలు ఈ విషయాన్ని స్పష్టం చేస్తాయి. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో పలువురిని గాయపరిచిన ఎలుగుబంటిని మత్తు ఇచ్చి బంధించారు. విశాఖకు తరలించే క్రమంలో అది మరణించింది. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం వద్ద నాలుగు ఆడ పులికూనలు దొరికాయి. టి-108 అని గుర్తించిన తల్లితో కలపడానికి అటవీశాఖ రోజుల తరబడి ప్రయత్నించింది. ఫలించకపోవడంతో వాటిని తిరుపతి జంతుప్రదర్శనశాలకు పంపింది. అదే ఏడాది మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలం కాత్రగడ వద్ద నాలుగు ఏనుగులు విద్యుదాఘాతంతో చనిపోయాయి. మొదటిచోట తరలింపు దశలోనే ప్రాణం పోయింది. రెండవచోట ప్రాణం దక్కినా అడవి దక్కలేదు. మూడవచోట కాపాడడానికి సమయమే లేకపోయింది.

వీటిలో ఎవరినో తప్పుపట్టడం ఈ వ్యాసం పని కాదు. అడవి జంతువును పట్టుకోవడమే దానికొక గాయమని వైద్యులు చెబుతారు. భయంతో పెనుగులాడినప్పుడు కండరాలు దెబ్బతిని, శరీర ఉష్ణోగ్రత పెరిగి, పైకి గాయం లేకుండానే గంటల్లో లేదా రోజుల్లో ప్రాణం పోవచ్చు. అందుకే చీకటి, నిశ్శబ్దం, తక్కువ మంది, తక్కువ దూరం అన్నవి చికిత్సలో మందుల వంటివే. తల్లి మేతకు వెళుతూ పొదలో దాచిన జింకపిల్లను అనాథ అనుకొని ఎత్తుకురావడం జాలితో చేసే అపహరణ. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో చెరకు నరికేటప్పుడు దొరికే చిరుతకూనలను పరీక్షించి, అదే రాత్రి అదే చోట పెట్టెలో ఉంచి తల్లి తీసుకుపోయేలా చేస్తున్నారు. అక్కడ విజయానికి ఆధారం దొరికిన చోటును వదలకపోవడమే. మన దగ్గర హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో పెంచిన మూషిక జింకలను 2017లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. వాటిని ముందు కంచె లోపల అడవికి అలవాటు చేశారు. ఓపికగా చేస్తే తిరుగు దారి సాధ్యమేనని ఈ రెండు ఉదాహరణలూ చెబుతున్నాయి.

బొర్రా కొండలో గాయపడిన జంతువు విశాఖ చేరాలంటే ఘాట్ రోడ్డు మీదుగా 90 కిలోమీటర్లు దిగాలి. దిగడానికి వాహనం దొరుకుతుంది. తిరిగి ఎక్కడమే అరుదు.

8. పునరావాసం అనే మాట

ఈ మన్యంలో పునరావాసం అన్న మాటకు ఇంకొక బరువు ఉంది. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పథకం కాలం నుంచి కొండల ప్రజలు ఈ మాటను నిర్వాసితులుగా విన్నారు. బొర్రా రిజర్వు అటవీ ప్రాంత గ్రామాల భూముల్లో గనుల కౌళ్ళపై సాగిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997 జూలైలో తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు కౌలుకు ఇవ్వరాదని స్పష్టం చేసింది. ఆ తీర్పు ఆదివాసుల భూమి హక్కుకు సంబంధించినది. కాని గని తవ్వకం ఆగిన కొండ మీదనే ఎలుగు గుహ కూడా నిలిచింది. మనిషి ఆవాసం నిలిస్తేనే జంతువు ఆవాసం నిలిచిన సందర్భం ఇది.

పునః, ఆవాసం. పదం ప్రకారం మళ్ళీ తన నివాసంలో ఉండడం. ఆచరణలో మనుషుల విషయంలోనూ జంతువుల విషయంలోనూ అది వేరొకచోట ఉంచడమనే అర్థంలో స్థిరపడింది. ఊరు మునిగినవారికి కాలనీ, అడవి తప్పిన జంతువుకు ఎన్‌క్లోజర్. పదంలోని 'పునః' మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి. ఒకటి, తెలుగు నేలలో జంతు రక్షణకు పురాతనమైన పునాది ఉన్నా అది పశువుకు పరిమితమైంది. రెండు, కావ్యాలు మృగానికి మోక్షాన్ని ఇచ్చాయి గాని, పోతన వర్ణనలో తప్ప మందను తిరిగి ఇవ్వలేదు. మూడు, ఆదివాసీ వంశనామాలు మృగాన్ని చుట్టంగా గుర్తించాయి. నాలుగు, 1972 చట్టం దానికి రక్షకుణ్ణి ఇచ్చింది. అయితే ఆ రక్షకుడు కొండకు దూరంగా ఉన్నాడు.

ఈ నాలుగు పాయలు కలిసేచోటు బొర్రా వంటి గ్రామమే. గాయపడిన ప్రాణిని మొదట చూసేది అక్కడి పశువుల కాపరి, కట్టెలకు వెళ్ళిన స్త్రీ, రైలు పట్టాల వెంట నడిచే కార్మికుడు. వారికి భయం లేకుండా కబురు చెప్పే వీలు, కొండమీదనే తొలి చికిత్సకు ఒక చీకటి గది, దొరికిన చోటే వదలాలన్న నియమం ఉంటే, 'పునః' అన్న మాటకు అర్థం తిరిగి వస్తుంది. ఆ గదిలో పనిచేసేవారు కిల్లో, గొల్లోరి, వంతాల ఇంటిపేర్లవారైతే చట్టానికి, చుట్టరికానికి మధ్య దూరం కూడా తగ్గుతుంది.

ఒకప్పుడు తన ఆవు కోసం ఒక కాపరి బొర్రా చీకట్లోకి దిగాడు. తనది కాని ప్రాణి కోసం కూడా అలా దిగగలగడమే వన్యప్రాణి రక్షణ చరిత్రలో ఇకముందు రాయవలసిన అధ్యాయం.